సిరిసిల్లలో చుట్టించిన పికప్

నా పాత ఎలక్ట్రిక్ గిటార్‌లో తంత్రుల కింద ఉండి ధ్వనిని పట్టే పికప్‌లో రాగి తీగ తెగితే, సిరిసిల్లలో మరమగ్గాల మోటార్లు చుట్టే మేస్త్రీ చేత మళ్లీ చుట్టించాను. దాన్ని జేబులో వేసుకుని కోరుట్లకు వస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. అయస్కాంతం, చుట్టూ వెంట్రుకంత రాగి తీగ. నక్సలైట్ల కోసం గాలించే ఆ రోజుల్లో అలాంటిది కనబడితే బాంబు సామానే.

"ఎవడు చుట్టిండ్రా?"

డిగ్రీ చదివినవాణ్ణి కదా, అడగని చిరునామా కూడా చెప్పాను. పికప్ తిరిగిచ్చి నన్ను వదిలేశారు. మేస్త్రీని రెండు రోజులు స్టేషన్‌లో ఉంచారు.

తరువాత జగిత్యాలలో ఒక పెళ్లిలో వాయిస్తే గిటార్ మునుపెన్నడూ లేనంత నిండుగా, కాస్త బొంగురుగా పలికింది. పెళ్లికి వచ్చిన మేస్త్రీ దగ్గరికొచ్చాడు.

"ఎట్లున్నది తమ్మీ సౌండు? నీకోసమని చుట్లు ఎక్కువేసిన."

"మస్తుందన్నా."

"నన్నైతే పట్టుకపోయిన్రు. ఎవడు చెప్పిండో ఏమో."

నేను తల వంచి తీగలు శ్రుతి చేసుకున్నాను. శ్రుతి సరిగ్గానే ఉంది.