పరిగెల మడుగులో కొర్రమీను

వేసవిలో నీళ్లాపి కాలువ కట్టేస్తే మా ఊరికి పండగే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువ తలుపులు దించేసిన కొద్ది రోజులకే కాలువ అడుగు బయటపడి, మా లాకుల కింద లోతైన చోట మాత్రం ఒక మడుగు మిగులుతుంది. ఇక ఊరు ఊరంతా అక్కడే. వలలున్నవాళ్లు వలలు, లేనివాళ్లు పాత చీరలు, చిరిగిన దోమతెరలు పట్టుకుని దిగిపోతారు. ఎవరి బకెట్లో చూసినా పరిగెలే. వేలెడంత పరిగెలు, అంతకన్నా చిన్న జెల్లలు. సాయంత్రానికి ఏ ఇంటి ముందు నుంచి వెళ్లినా పరిగెల వేపుడు వాసనే.

మొన్నటి వేసవిలో ఆ మడుగు గట్టున గాలం పట్టుకు కూర్చుని, పడ్డ ప్రతి పరిగెనీ తిరిగి నీళ్లలోకి విసిరేసిన పిచ్చిది ఎవరయ్యా అంటే నేనే. బళ్లో పాఠాలు చెప్పుకునే ఆడది, సెలవుల్లో ఇంటిపట్టున వడియాలు పెట్టుకోక మగాళ్ల మధ్య గాలమేంటి, పడ్డ చేపని పారేయడమేంటి అని ఊరు నోరు నొక్కుకుంది. నొక్కుకోనీ. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా. ఆ ఉలిపికట్టె నేనే అనుకున్నా నాకేం నష్టం లేదు.

నాకు కావలసింది పరిగె కాదు. కొర్రమీను. అది కూడా మూరెడు పొడుగున్నది. కారణం మా అత్తయ్య.

మా అత్తయ్య కాలువ గట్టున పుట్టి, కాలువ గట్టునే పెరిగిన మనిషి. చేప లేని ముద్ద ఆవిడకి ముద్ద కాదు. ఆదివారం చర్చిలో ప్రసంగం కాస్త సాగితే చాలు, "పులుసు ఆరిపోతుందే అమ్మాయ్" అని నా చెవిలో గొణిగేవారు. అలాంటి మనిషికి ఆ ముందు చలికాలంలో పరిగె ముల్లు గొంతులో దిగబడింది. అన్నం ముద్దలు మింగించాం, అరటిపండు పెట్టాం, వీపు మీద చరిచాం. కదిలితేనా! ఆఖరికి రాజమండ్రి తీసుకెళ్తే డాక్టరు గారు ఇంత సన్నటి పట్టకారుతో లాగి, "పళ్లు లేవు కదా మామ్మగారూ, సన్న ముళ్ల చేపలు మానేసి చూసుకుని తినండి" అన్నారు.

ఆయన అన్నది అంతే. మా ఆయన విన్నది మాత్రం వేరు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే తీర్పు చెప్పేశారు. "ఇక అమ్మకి చేప వద్దు. ఏ చేపా వద్దు."

"సన్న ముళ్లవి వద్దన్నారండీ డాక్టరు గారు. పెద్దవి తినొచ్చు" అన్నాను.

"నీకు తెలీదు, నువ్వూరుకో. ఆ రోజు నా ప్రాణం పోయింది" అన్నారు.

భయం వల్లే అన్నారు, నాకు తెలుసు. కారులో రాజమండ్రి దాకా తల్లి చెయ్యి వదల్లేదు ఆయన. కానీ ఆయన భయానికి ఆవిడ కంచం ఖాళీ అవడం ఏం న్యాయం? ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నేను నాలుగోది చూపించినా లెక్కలోకి రాదు.

ఆ రోజు నుంచి అత్తయ్యకి చారన్నం, పెరుగన్నం. మొదట్లో తిట్టారు. "నన్ను చారు మీద చంపేస్తార్రా?" అని కొడుకుని నిలదీశారు. తర్వాత తిట్టడం మానేశారు. అక్కడ నాకు భయమేసింది. మా అత్తయ్య తిడుతున్నంత కాలం ఇల్లు ఇల్లులా ఉంటుంది. కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, సగంలో చెయ్యి కడిగేసుకోవడం మొదలెట్టారు. జాకెట్లు వదులైపోయాయి. "ఏం తిన్నారు అత్తయ్యా?" అంటే "తిన్నాన్లేవే, తినకేం" అనేవారు. ఎవరొచ్చినా ఒకటే సలహా. పెద్దతనం కదమ్మా, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి. పాస్టరమ్మ గారూ అదే మాట, పక్కింటావిడా అదే మాట. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. సరిపెట్టుకోమని చెప్పేవాళ్ల కంచంలో ఎప్పుడూ అన్నీ ఉంటాయి.

ముల్లు తక్కువని బజారు నుంచి కొర్రమీను తెచ్చాను ఓసారి, ఆయన ఊళ్లో లేనప్పుడు. అత్తయ్య ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని తీసేశారు. "చెరువులో మేతేసి పెంచిందే ఇది. దాణా వాసన. దీనికంటే నీ చారే నయం" అన్నారు. బాగుందండీ! ఆకలితో మాడుతూ కూడా ఎంచుకుంటారా అని కోపం వచ్చింది. మరుక్షణం ముచ్చటేసింది. ఇంత చిక్కిపోయినా ఆవిడ నాలుక మాత్రం లొంగలేదు.

ఆ సంగతి మా ఆయనకి తెలిసింది. గొడవైంది. గొడవ మధ్యలో ఆయనే నోరు జారారు. "అంతగా పెట్టాలనుంటే కాలవ కొర్రమీను, పెద్దది, ముల్లు కంటికి కనబడేది పట్టుకురా, అప్పుడు చూద్దాం" అన్నారు. కాలువలో ఇప్పుడు అంత కొర్రమీను ఎక్కడుందిలే అని ఆయన ధీమా.

"సరేనండీ. పట్టుకొస్తాను. అప్పుడు మాట మార్చకూడదు" అన్నాను.

అలా నా చేతికి గాలం వచ్చింది. కాలువకి మళ్లీ నీళ్లు వదిలేలోపు పట్టాలి. వదిలితే మడుగు ఉండదు, కొర్రమీను ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. మళ్లీ కాలువ కట్టేదాకా ఆగుదామంటే, ఆ మనిషి అప్పటిదాకా చారన్నం మీద నిలబడేలా లేరు.

మడుగులో పెద్దది ఉందని నా కళ్లతో చూశాను. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. లాకు గోడ పక్కన, తూటికాడల మొదట్లో, రోజూ ఒకచోటే నీళ్లు గబుక్కున విరిగి పెద్ద బుడగ లేచేది. పరిగెలు అలా నీళ్లు విరగ్గొట్టలేవు. అక్కడే గాలం వేశాను. ఎర నీళ్లలో మునగడం ఆలస్యం, తాడుకి కట్టిన బెండు టకటకా ఊగేది. లాగితే పరిగె. మళ్లీ వేస్తే జెల్ల. బురదలో తవ్వి తెచ్చుకున్న ఎర్రలన్నీ పరిగెలకి టిఫినయిపోయాయి.

లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఎప్పుడూ అక్కడే కూర్చునేవారు. నేను గాలం తీయగానే మొదలెట్టేవారు.

"ఏంటండీ టీచరు గారూ, తిమింగలం పడిందాండీ?"

"మీరు పక్కకి జరిగితే పడుద్దండీ, నీడ పడుతోంది."

"ఆయ్! ఆ పరిగెలే బుట్టలో వేసుకోండి. కడుపులోకి వెళ్లాక చిన్నదేంటి, పెద్దదేంటి?"

"ముల్లు గొంతులో దిగినవాళ్లని అడగండి, తేడా చెప్తారు" అనేదాన్ని. ఆయన నవ్వేవారు. పక్కనున్న కుర్రకారు ఇంకా గట్టిగా నవ్వేవారు. నవ్విన నాపచేనే పండుతుందిలే అని నాకు నేను చెప్పుకునేదాన్ని గానీ, లోపల మాత్రం రోజురోజుకీ దిగులు పెరిగింది. ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా, మంచి చీరతోనే గట్టుకి వెళ్లాను. ఆ రోజు జెల్ల ముల్లు బొటనవేల్లో దిగింది. అయ్యబాబోయ్, ఆ సలుపు పగవాడికి కూడా వద్దు. చెయ్యి బన్నులా వాచింది. మా ఆయన సున్నం రాస్తూ, "చాలించు ఇక. నలుగురూ నవ్వుతున్నారు" అన్నారు.

"నవ్వితే పళ్లు కనబడతాయి. అంతే కదా" అన్నాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

వాచిన చెయ్యి చూసి, చాలా రోజుల తర్వాత అత్తయ్య నోరు విప్పారు. "ఎర ఏం వేస్తున్నావే?"

"ఎర్రలండీ."

ఆవిడ నవ్వారు. పళ్లు లేని నోటితో, పొట్ట పట్టుకుని నవ్వారు. "పిచ్చి మొద్దూ! ఎర్ర వేస్తే పరిగెలు రాక ఇంకేం వస్తాయే? గట్టున గాలాలేసేవాళ్లకి పరిగెలే కావాలి కాబట్టి వాళ్లు ఎర్రలు వేస్తారు. వాళ్లని చూసి నువ్వూ అదే వేస్తే ఎలా? పరిగె నోట్లో పట్టనిది వెయ్యి. బతికున్న పరిగెనే వెన్ను మీద గుచ్చి వదులు. దాన్ని ఇంకో పరిగె తినలేదు. తినగలిగింది ఒక్కటే వస్తుంది."

చదువుకున్నదాన్ని, పిల్లలకి రోజూ ఆహారపు గొలుసు బోర్డు మీద గీసి చూపిస్తాను. ఈ మాట నాకు తట్టలేదు. తట్టినా బతికున్నదాన్ని గుచ్చడానికి చేతులు వచ్చేవి కావేమో. "పాపం కదండీ" అన్నాను.

"నేను చారన్నం తినడం పాపం కాదా?" అన్నారు అత్తయ్య.

మర్నాడే ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కాలువలకి నీళ్లు వదులుతున్నారు, పశువుల్ని, పిల్లల్ని దించవద్దు అని. అంటే నాకు మిగిలింది ఆ ఒక్క పూటే. పెద్ద గాలం ముల్లు, మందపాటి నైలాను తాడు కట్టుకుని పరుగున వెళ్లాను. ముందు ఎర్ర వేసి పరిగెని పట్టాను. ప్రభువా, క్షమించు అనుకుని, కళ్లు సగం మూసుకుని దాని వెన్నులో గాలం గుచ్చి, తూటికాడల మొదట్లో వదిలాను.

బెండు ఊగలేదు. చిన్న చేపలు ఒక్కటీ ముట్టుకోలేదు. పరిగె అటూ ఇటూ తిరుగుతుంటే బెండు మెల్లగా కదులుతోంది, అంతే. మడుగులో ఆఖరి పరిగెల కోసం జనం గోలగోలగా ఉన్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. పెద్దాయన కూడా వెక్కిరించడం మానేసి, "ఇంటికెళ్లండమ్మా, వడదెబ్బ తగులుద్ది" అన్నారు. ఆ జాలి వెక్కిరింతకన్నా ఎక్కువ మండించింది. కదల్లేదు నేను.

అప్పుడు బెండు మాయమైంది. ఊగి మునగడం కాదు, ఉన్నది లేకుండా పోయింది. కర్ర నా చేతుల్లోంచి పోబోయింది. రెండు చేతులా పట్టి వెనక్కి వాలితే కాళ్లు బురదలో జారాయి. అది గోడ వైపు లాగుతోంది, నేను గట్టు వైపు లాగుతున్నాను. తూటికాడల్లోకి దూరిందంటే తాడు చిక్కుకుని తెగిపోతుంది.

"ఇలా ఇవ్వండమ్మా! మీవల్ల కాదు, ఇలా ఇవ్వండి!" అంటూ పెద్దాయన పరిగెత్తుకొచ్చి కర్ర మీద చెయ్యి వెయ్యబోయారు.

"ముట్టుకోకండి! ఇది మా అత్తగారి చేప!" అని అరిచాను. ఆ అరుపుకి మడుగులో ఉన్నవాళ్లంతా ఆగిపోయి చూశారు. నేను నడుం లోతు నీళ్లలోకి దిగిపోయాను. తాడు చేతికి చుట్టుకుని దగ్గరికి లాగి, చున్నీ తీసి దాని మీద వేసి, రెండు చేతులా వాటేసుకున్నాను. చున్నీలో కూడా అది కొట్టిన దెబ్బలకి నా మొహం నిండా బురద. గట్టెక్కి చూసుకుంటే మోచేతి నుంచి వేళ్ల కొస దాకా ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. ఏడుపొచ్చింది నాకు. ఏడ్చాను కూడా, అందరి ముందూ.

ఇంట్లో అత్తయ్య అప్పటికే చింతపండు నానబెట్టి ఉంచారు. నేను తెస్తానని అంత నమ్మకం ఏంటో ఆవిడకి! బూడిద రాసి నేను జిగురు వదిలిస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, "తోక దగ్గర ఇంకా ఉందే, ఇంకాస్త తోము" అంటూ ఒకటే అజమాయిషీ. పులుసులో మామిడికాయ ముక్కలు ఆవిడే వేశారు. ఉప్పు ఆవిడే చూశారు. నన్ను తిట్టారు కూడా, కారం తక్కువ వేశానని. ఎంత హాయిగా ఉందో ఆ తిట్టు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా పులుసు వాసన. గిన్నె మూత తీసి చూశారు. ఊళ్లోవాళ్లు ఫోన్లో ఫోటో పంపినట్టున్నారు, ఎక్కడిదని అడగలేదు. "మాట మార్చకూడదన్నానండీ" అన్నాను. "నేనేమన్నాను ఇప్పుడు?" అని కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "అమ్మ ముక్కల్లో ముళ్లు నేను తీసి పెడతాను. నడుం ముక్క వెయ్యి, మెత్తగా ఉంటుంది" అన్నారు.

అత్తయ్య ప్రార్థన ఎప్పటికన్నా చిన్నగా ముగించేశారు. నేను గరిటె తీసుకున్నాను. మా ఇళ్లల్లో చేప తలకాయ ఇంటి మగాడి కంచంలోకే వెళ్తుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది. మామయ్య ఉన్నన్నాళ్లూ ఆయనకి, ఆయన పోయాక మా ఆయనకి. తలకాయతో గరిటె ఆయన కంచం మీదికి వచ్చింది.

"అది ఇలా పెట్టు" అన్నారు అత్తయ్య.

ఇద్దరం ఆవిడ వైపు చూశాం.

"అమ్మా, తలకాయంతా ఎముకలే. నీకేంటి ఆ పని?" అన్నారు మా ఆయన.

"పెళ్లయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి తలకాయ వడ్డించాను రా. మీ నాన్నకి వడ్డించాను, నీకు వడ్డించాను. దాని రుచి ఎలా ఉంటుందో ఇంతవరకూ నాకు తెలీదు" అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు. కంచం మాత్రం నా ముందుకి జరిపారు.

నేను మా ఆయన మొహం చూడలేదు. తలకాయ తీసుకెళ్లి ఆవిడ కంచంలో పెట్టాను.

ఆవిడ రెండు చేతులా అందుకుని, చిగుళ్లతోనే ఎముక చుట్టూ కొరుక్కుంటూ, చప్పుడు చేస్తూ జుర్రుకున్నారు. పులుసు ముంజేతి దాకా కారింది. మా ఆయన అన్నం ముట్టుకోలేదు. తల్లి గొంతు వైపే చూస్తూ మంచినీళ్ల గ్లాసు ఆవిడ దగ్గరికి జరిపారు. అత్తయ్య దాన్ని మోచేత్తో అవతలికి తోసేసి, ఇంకాస్త పులుసు పొయ్యమన్నారు.