పిన్ని పెట్టిన గుడ్డు

మా పిన్ని ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు మూలలూ పట్టుకుని దగ్గరకు నడవాలి, మళ్లీ వెనక్కి వెళ్లాలి. రోజంతా నడుస్తుంది, ఆ గది మాత్రం దాటదు. కిందటి చలికాలంలో దుప్పటి చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు మందు రాయలేదు, కడుపు నిండా తినమన్నాడు.

మాకు తిండి వచ్చేది ఆహార కూపన్ల మీద. మనిషికి వారానికొక కట్ట. అవి చాలడం లేదు, పెంచమని మా వాడలో నలభై మంది అర్జీ పెట్టారు. మొదటి సంతకం పిన్నిదే. దాని మీద ఆఫీసు ఒక అధికారిని పంపింది. ఆయన వారం రోజులు ఒక మనిషి కూపన్లతోనే బతికి, చాలుతాయో లేదో రాయాలి. వండుకోవడానికి మా పొయ్యి, తినడానికి మా బల్ల.

మనిషి మంచివాడే. అదే మా ఖర్మ. మొదటి రోజే ఆ కూపన్లు పెట్టి బియ్యం, దుంపలు, గుడ్లతో పాటు కాఫీపొడి, జున్ను, బిస్కెట్లు కొనుక్కొచ్చాడు. మూడు రోజుల్లో కట్ట అయిపోయింది. పక్కింటి కుట్టుపనామె ఆయనకు ‘వారం బీదాయన’ అని పేరు పెట్టింది. మెట్ల మీద ఎదురైతే వదిలేది కాదు.

“ఏమయ్యా, ఆకలి ఎలా ఉంది? కొత్త చెప్పులా కరుస్తోందా?”

మూడో రోజు దాకా ఆయన నవ్వాడు. నాలుగో రోజు నవ్వలేదు. మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టుకుని బల్ల దగ్గర ఊరికే కూర్చున్నాడు. నాకు లోలోపల సంతోషంగా ఉంది. ఇంకో మూడు రోజులు కడుపు కాలనీ, అప్పుడు రాస్తాడు అనుకున్నాను.

పిన్ని వచ్చి ఉడికిన గుడ్డు ఆయన కంచంలో వేసింది.

“మీ సరుకుల్లో ఒకటి మిగిలిందండీ. నేనే దాచి ఉంచాను.”

“మీరు తినరా?”

“నేను లాండ్రీలోనే తినేశాను. అక్కడ పెడతారు.”

లాండ్రీలో పెట్టేది సోడా వాసన ఒక్కటే. ఆ గుడ్డు ఆ వారానికి పిన్ని వాటా.

ఆయన వెళ్లాక గొడవపడ్డాను.

“ఆయన వచ్చిందే పస్తులుండటానికి. నువ్వు పెట్టి చెడగొడుతున్నావు పిన్నీ.”

“ఎదురుగా మనిషి నీళ్లు తాగి లేస్తుంటే నాకు ముద్ద దిగుతుందట్రా?”

“రేపు నేనే చెప్పేస్తాను.”

“మెల్లగా మాట్లాడు. ఇన్ని పుస్తకాలు చదువుతావు, కూపన్ల కార్డు వెనక ఏముందో చదవలేదూ?”

చదివాను. ఈ తిండి కార్డులో పేరు లేనివారికి పెడితే కార్డు రద్దు.

ఐదో రోజు తన బంగాళాదుంపలు, ఆరో రోజు తన అన్నం, ఆయన సరుకుల్లో మిగిలినవేనంటూ పెట్టింది. దుంపల తొక్కలు కూడా పారేయకుండా వేయించి వేసింది. ఆయన లొట్టలు వేసుకుంటూ తిని, ఎలా చేశారో అడిగి రాసుకున్నాడు. ఆ రెండు రోజులూ పిన్ని గోడ పట్టుకుని మెట్లెక్కింది.

ఏడో రోజు ఆయన నివేదిక చదివి వినిపించాడు. నేర్పుగా వండుకుంటే ఇప్పుడిస్తున్న కూపన్లు సరిపోతాయి. కింద సాక్షి సంతకం కావాలని పెన్ను పిన్ని చేతికిచ్చాడు. నేను నోరు తెరిచాను. బల్ల కింద పిన్ని నా కాలు తొక్కింది. చెబితే ఉన్న కార్డు పోతుంది. చెప్పకపోతే రావలసింది రాదు. ఆమె సంతకం పెట్టేదాకా కాలు తీయలేదు.

“ఆకలంటే ఏంటో నాకు తెలిసొచ్చిందండీ,” అన్నాడాయన.

“సంతోషమండీ,” అంది పిన్ని.

నెల తిరిగేసరికి అర్జీ కొట్టేశారు. కూపన్లతో పాటు తలా ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో దుంప తొక్కలు వేయించుకునే పద్ధతి అచ్చు వేసి ఉంది. వరసలో మా ముందున్న కుట్టుపనామె చదివి వెనక్కి తిరిగింది.

“నీ చేతిరుచి మా అందరి నోళ్లూ కుట్టేసింది కదే తల్లీ.”

పిన్ని ఆ కాగితాన్ని మూలకు మూల కలిపి, దుప్పటి మడతపెట్టినట్టే మడతపెట్టి, ఒక అడుగు ముందుకు వేసింది. వరస అంతవరకే కదిలింది.