గుడి ముందు గుర్రం చెప్పులు

గుర్రం గిట్టకు మేకులు దింపి ఇనుప నాడా బిగించడాన్ని మించిన అన్యాయం లేదని నేను ఇప్పటికీ అంటాను. కాదనేవాళ్ళెవరైనా ఉంటే ముందు తమ గోళ్ళకు కొట్టించుకుని వచ్చి మాట్లాడాలి.

తొంభైలలో నాకూ మా బావమరిదికీ కలిపి ఒక పెళ్ళి బగ్గీ, దాన్ని లాగే ఒక తెల్ల ఆడగుర్రం ఉండేవి. మేకులు దిగీ దిగీ దాని గిట్టలు పాత సున్నపు గోడలా పెచ్చులూడుతున్నాయి. నేను బడికి పోయింది తక్కువే. కానీ ఫుట్‌పాత్ మీద గుర్రాల వైద్యం గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకుని చివరిదాకా చదివాను. నాడాలు తీసేస్తే గిట్ట మళ్ళీ గట్టిపడుతుందని, అందాకా గట్టి రోడ్డు మీద బూట్లు తొడగాలని అందులో ఉంది. తీయించేశాను.

"పుస్తకం నువ్వు చదివితే ఏం ఫాయిదా బావా, గుర్రం చదువలె గదా!" అన్నాడు బావమరిది. "సరే, అశోక్‌నగర్ పెండ్లి ఉన్నది. పిల్లగాన్ని నారాయణగూడ ఫంక్షన్ హాల్ దాక తీస్కపోవాలె. తొవ్వల ఇది ఒక్క అడుగు కుంటినా, సాయంత్రం నాడాలు కొట్టేటోన్ని పిలుస్త. మల్ల నువ్వు నోరెత్తొద్దు."

బూట్ల వేట మొదలైంది. లారీ ట్యూబుతో చేసిన రబ్బరు సంచులు గల్లీ చివరికి చేరేసరికి వెనక్కి తిరిగిపోయాయి. కాన్వాసువి మొదటి మలుపులోనే చిరిగాయి. చివరికి చిక్కడపల్లిలో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయాను. కింద స్కూటర్ టైరు, పైన తోలు, మడమ ఒరుసుకోకుండా కంబళి ముక్క, రెండు బకిల్ పట్టీలు.

"అన్నా, ఎడమ కుడి ఉంటయా?" అన్నాడాయన.

"ముందు వెనక ఉంటయి. ముందటియి గుండ్రం, వెనకటియి జర కోల."

"పాలిష్ గూడ కొట్టాల్నా?"

బావమరిది తొందరపడి, పెరిగిన గిట్టలు చెక్కకముందే కొలతలు ఇచ్చి వచ్చాడు. చెక్కాక తొడిగితే అవి తాత చెప్పులు వేసుకున్న మనవడి కాళ్ళలా టపటపలాడాయి. గుర్రాన్ని నాలుగు కాళ్ళ మీదా బరువు మోపి నిలబెట్టి, మళ్ళీ నేనే కొలిచి కుట్టించాను.

పెళ్ళి రోజు పొద్దున బగ్గీ బయలుదేరింది. అశోక్‌నగర్ దాటకముందే పెళ్ళికొడుకు పెదనాన్న గొడవ మొదలుపెట్టాడు.

"టక్‌టక్ సప్పుడేది? సప్పుడు లేకుంటె గుర్రమని ఎవనికి తెలుస్తది?"

"ముందట గంత పెద్దగ కనబడ్తలేదా?" అన్నాను.

చిక్కడపల్లిలో గుడి ముందు కొబ్బరికాయ కొట్టడానికి ఆగాం. పెళ్ళికొడుకు తన కొత్త బూట్లు విప్పాడు. పెదనాన్న గుర్రం కాళ్ళకేసి చూసి చెయ్యెత్తాడు.

"దేవుని ముందట చెప్పులతోని నిలబడ్తదా? విప్పించు!"

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేండ్లు ఇనుప నాడాలతోని గిక్కడనే నిలబడ్డది. అప్పుడు ఏ దేవుడు కోపం జేసిండు?"

"అవి నాడాలు. ఇవి చెప్పులు. పట్టీలున్నయి గదా!"

బ్యాండువాళ్ళతో సహా అందరూ ఆయన వైపే. చేసేది లేక విప్పాను. చెప్పుల స్టాండు ఆవిడ మనిషికి ఒక్కటే టోకెన్ అంది. గుర్రానికి నాలుగు కాళ్ళని చెబితే, కిందికి వంగి చూసుకుని మరీ రెండు ఇచ్చింది.

కాయ కొట్టారు. బూట్లు తొడగబోతే పెదనాన్న మళ్ళీ మీద పడ్డాడు. "ముహూర్తం దాటిపోతున్నది. అట్లనే తోలు!"

ముందున్న రోడ్డు కేబుల్ కోసం తవ్వి కంకర పోసి ఉంది. ఒట్టి గిట్టలతో దాని మీద నడిస్తే కుంటడం ఖాయం, సాయంత్రం మేకులు ఖాయం. బావమరిది చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. "తోలు బావా, పుస్తకంల ఏమున్నదో జూద్దాం."

నేను గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని నడిరోడ్డు మీద కూర్చున్నాను. గిట్టలో ఒక్క ఇసుక రవ్వ మిగిలినా లోపల కోసుకుంటుంది. తుడవాలి, తొడగాలి, పట్టీ బిగించాలి. అట్లా నాలుగు. చూసి చూసి విసిగిపోయిన పెళ్ళికొడుకు, "నడిచే పోత తియ్యి" అని కొత్త బూట్లు వేసుకుని దిగిపోయాడు. బ్యాండు అతని వెంట పోయింది. ఖాళీ బగ్గీతో మేం వెనకాల.

బావమరిది దారి పొడుగునా వంగి వంగి గుర్రం కాళ్ళే చూశాడు. కంకర మీద కూడా అది ఒక్క అడుగు తప్పలేదు. హాలు గేటు దగ్గర మాత్రం కుంటుతూ లోపలికి పోయింది పెళ్ళికొడుకు.

ఆడపెళ్ళివాళ్ళ ముఖాలు మారిపోయాయి. "పిల్లగాని కాలుకేమన్న లోపం ఉన్నదా? ముందుగాల చెప్పలేదేంది?" అని పెద్దమనిషి ఒకాయన పెదనాన్నను నిలదీశాడు.

"బూట్లు కరిచినయి, గంతే!" అని పెదనాన్న మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చివరికి పెళ్ళికొడుకు బూట్లు విప్పి, ఒట్టి కాళ్ళతో అందరి ముందూ ఇటొకసారి అటొకసారి నడిచి చూపించాల్సి వచ్చింది. సంతలో గుర్రాలను కూడా అంతకన్నా మర్యాదగా నడిపిస్తారు.

"పిల్లగాన్ని నిలబెట్టి కొలువలేదు," అన్నాను నేను. నన్నెవరూ అడగలేదు. అయినా చెప్పాలి కదా.

ఆ సాయంత్రం నాడాలు కొట్టేవాడు రాలేదు. బావమరిది గుర్రం బూట్లు కడిగి గోడకు ఆనించి, గుడి తగలకుండా నారాయణగూడ పోయే దారి ఒక్కటి చెప్పమని నా ప్రాణం తీశాడు. చిక్కడపల్లిలో అలాంటిది ఉంటేగా!