తిత్తిలో దాచిన పన్నెండు పద్యాలు

అక్క పోయిందని మొన్న మంగళవారం పొద్దున యాడికి ఊరి నుంచి ఫోను వచ్చింది. సొంత అక్క కాదు. నేను లెక్కల టీచరమ్మగా చేరిన బడిలో ఆమె తెలుగు చెప్పేది. నాకంటే పదేళ్ళు పెద్దది కాబట్టి అక్కా అన్నాను, ఆ పిలుపే నిలిచిపోయింది. గుండె ఆగిందట. ముందురోజు కూడా ఎవరితోనో ఒక పాత పుస్తకం గురించే మాట్లాడిందని వాళ్ళ కోడలు చెప్పింది.

ఆ పుస్తకాల సంగతి చాలామందికి తెలియదు. అగ్గిపెట్టెంతవి, కొన్ని అంతకంటే చిన్నవి, దేవుడి పద్యాల పుస్తకాలు. వెనకటి రోజుల్లో జేబులో పెట్టుకోడానికో, తాయెత్తులాగా మెడలో కట్టుకోడానికో అచ్చు వేసినవి. అక్క వాటిని సంతల్లో, పాత కాగితాల అంగళ్ళలో, గుత్తిలో ఒక ముసలాయన ట్రంకుపెట్టె అడుగున వెతికి పట్టుకునేది. ఇంట్లో పోపులపెట్టెలో దాచేది. ఒక్కో గిన్నెలో రెండు మూడు పుస్తకాలు, పురుగు పట్టకుండా ఒక వస కొమ్ము. వంటకు ఇంకో పెట్టె కొనుక్కుంది.

స్టాఫ్ రూములో ఎవరన్నా నవ్వితే, "చిన్నది గదా అని పారేస్తారప్పా. అందుకే నేను ఎత్తిపెడతాండా" అనేది.

వాటిలో ఒకటి ఆమెను కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఆంజనేయస్వామి మీద నూరు పద్యాలని మొదటి పద్యంలోనే ఉంది. ముందు అట్ట లేదు, రాసిందెవరో తెలియదు. ఎనభై ఎనిమిదో పద్యం తర్వాత పేజీలన్నీ చెదలు తినేసినాయి. మిగతా పన్నెండు పద్యాల కోసం అక్క ఆరేళ్ళు వెతికింది. బడికొచ్చే ప్రతి పిల్ల తండ్రినీ అడిగేది.

"ఇంక దొరకదులే అక్కా" అన్నానొకసారి.

"దొరకదని నీకెవరు చెప్పినారు?" అంది, నిజంగా జవాబు కావాలన్నట్టు.

రెండువేల సంవత్సరం దాటినాక ఒకాయన చెప్పినాడు, ముదిగుబ్బ పక్క గొర్రెలు కాసే తన పెదనాయన దగ్గర అట్లాంటిదే ఉండాదని. ఆ దసరా సెలవుల్లో ఇద్దరం బస్సెక్కినాము. వానలు ఎగ్గొట్టిన ఏడు. మేత లేక ఆ పెద్దాయన మందను తోలుకుని ఊరు వదిలి పోయినాడు. దారిలో వాళ్ళను అడుగుతూ, బీళ్ళ వెంట నడిచి మధ్యాహ్నానికి పట్టుకున్నాము.

ఆయన నడుముకున్న తోలు తిత్తి విప్పి పుస్తకం తెరిచి చూపించినాడు. అవే పద్యాలు, చివరిదాకా ఉన్నాయి. చేతికి మాత్రం ఇయ్యలేదు.

"మా నాయన ఇచ్చినాడు. గొర్రెలకు రోగం రాకుండా కాసే మంత్రాలమ్మా. దుడ్లిచ్చినా ఇయ్యను."

"ఇయ్యొద్దు" అంది అక్క. "నీ కండ్ల ముందరే కూచోని చివరి పన్నెండూ రాసుకుంటా."

"మంద నిలబడదు. ఈడ మేత అయిపోతే ఇంగో తావుకు పోవల్ల."

"నువ్వు పో. నేనూ వస్తా."

లోపల తిట్టుకుంటూ నేనూ వెంట నడిచినాను. మంద ఆగినప్పుడల్లా ఆయన పుస్తకం ఇచ్చేవాడు. అక్క తుమ్మచెట్టు కింద కూలబడి, భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసేది. మంద కదలగానే ఇచ్చేసి లేచేది. మొదటిరోజు ఐదు పద్యాలే అయినాయి. ఆమె మడమలు పగిలి నెత్తురు వచ్చింది.

"ఇంటికి పోదాం అక్కా" అన్నాను.

"ఇంకా ఏడుండాయి" అంది.

మరుసటి రోజు ఎండ దిగేవేళకు పన్నెండోది పూర్తయింది. ఆ తర్వాత అక్క ఆ పద్యాలను చిన్న కాగితాల మీద చీమతలంత అక్షరాలతో తిరగరాసి, తన పుస్తకం చివర కుట్టుకుంది. నేను వదిలేద్దామనుకున్న పనులు కొన్ని ఆ కుట్టును చూసినాకనే ముగించినాను. ఆ రుణం ఆమెకు ఎప్పుడూ చెప్పుకోలేదు.

రాయడం ముగిసిన ఆరోజు అక్క పుస్తకం తిరిగి ఇయ్యబోతే పెద్దాయన చెయ్యి చాపలేదు.

"ఏమి రాసిండాదమ్మా దాంట్లో? మా నాయనకూ చదువు రాదు, నాకూ రాదు."

అక్క చివరి పద్యం చదివి అర్థం చెప్పింది. స్వామీ, దారి తగ్గించమని అడగను, నడిచే కాళ్ళు ఇయ్యమంటున్నా, అని.

"మంత్రం కాదా ఇది?"

"కాదు పెద్దాయనా. పద్యం."

ఆయన మంద వైపు చూసినాడు. "గొర్రెలు బాగానే ఉండాయి గదా" అన్నాడు. పుస్తకం వైపు తిరిగి, "మొదట్నుంచీ చదువు" అన్నాడు.

మంద అప్పటికే లేచింది. అక్క భూతద్దం పుస్తకానికి ఆనించి, ఎర్రమట్టిలో కుంటుకుంటూ, మొదటి పద్యం ఎత్తుకుంది. ఆయన కర్ర భుజాన వేసుకుని, తల ఆమె వైపు వంచి, ఆమె నడకకు తన నడక తగ్గించుకున్నాడు.