ఆయమ్మ చూడమన్న చిగుళ్ళు

ఆయమ్మ పోయింది పొద్దున ఎనిమిదింటికి. నాకు తెలిసింది మధ్యాహ్నం రెండింటికి. రొయ్యల ప్లాంటులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. షిఫ్టు దిగి, గేటు దగ్గర సంచీ తీసుకుని చూస్తే మా అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే అమ్మ చెప్పింది: "పక్కింటి ఆయమ్మ వాకిలి ఊడ్చి, ముగ్గేసి, గోడకి చేరబడి కూచుందంట. అలాగే పోయిందే."

నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వచ్చింది. "దొర ఎక్కడున్నాడు?" అని అడిగాను.

"మనిషి పోయిందంటే కుక్కనడుగుతావేంటే, బుద్ధుందా?" అని అమ్మ ఫోను పెట్టేసింది.

దొర ఆయమ్మ కుక్క. గోధుమరంగు వీధికుక్క, ఒక చెవి సగమే ఉంటుంది. చావింట్లో తలుపులన్నీ తీసి ఉంటాయి, కొత్త మనుషులు తిరుగుతుంటారు, ఏది పడితే అది నేల మీద ఉంటుంది. ఆయమ్మ లేచి కూర్చోగలిగితే ఆవిడ అడిగే మొదటి మాట కూడా అదే అయ్యుండేది. ఎవరేమనుకున్నా నాకనవసరం.

కనకాలపేటలో మా వీధికి వచ్చేసరికి ఆవిడ్ని చాప మీద పడుకోబెట్టారు. దొర ఆవిడ కాళ్ళ దగ్గరే ముడుచుకుని ఉన్నాడు. నేను పక్కన కూర్చుని ఆవిడ బొటనవేలి గోరు నొక్కి వదిలాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రంగు రాలేదు. "ఏం చేస్తున్నావే పిచ్చిదానా?" అని ఎవరో నా చెయ్యి లాగేశారు. నేను చేస్తున్నది ఆవిడ నేర్పిన పనే. నమ్మడానికి నాకు వేరే దారి తెలీలేదు.

ఆయమ్మ డాక్టరు కాదు, కాంపౌండరు కూడా కాదు. పశువుల ఆసుపత్రిలో నేల కడిగి, జంతువుల్ని కదలకుండా పట్టుకునే పని చేసి రిటైరైంది. అక్షరం ముక్క రాదు. అయినా మా వీధిలో కుక్క తూలినా, పిల్లి తిండి మానేసినా ముందు ఆవిడ గుమ్మం దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఆవిడ ఒక్క మందు కూడా ఇచ్చేది కాదు. జంతువు పెదవి పైకెత్తేది. చిగురు మీద వేలితో నొక్కి వదిలేది. తెల్లబడిన చోట మళ్ళీ ఎరుపు వచ్చేదాకా పైకి లెక్కపెట్టేది. రెండు లోపు వచ్చేస్తే, చిగురు రంగు బాగుంటే, "ఊపిరి పీల్చుకో" అనేది. రాకపోతే ఆవిడ మాట ఒక్కటే: "చెప్పులేసుకో."

అంటే ఆసుపత్రికి పద అని. అంతకంటే వివరం ఉండేది కాదు. "ఏమైందండి?" అని అడిగితే, "ఏమైందో డాక్టరుగారు సెప్తారు. నాకు తెలిసింది ఎల్లాలా వద్దా, అంతే" అనేది.

నేను ఆవిడకి పరిచయమైన తీరు మంచిది కాదు. పదో తరగతి ఆపేసి ఇంట్లో ఉన్న రోజులవి. నా పిల్లికి ఒళ్ళు వేడిగా అనిపించింది. మనం జ్వరానికి వేసుకునే తెల్ల బిళ్ళ సగం విరిచి, పాలల్లో కలిపి పట్టించాను. నాకు తగ్గింది కాబట్టి దానికీ తగ్గుతుందనుకున్నాను. సాయంత్రానికి దాని మొహం వాచింది, ఊపిరి ఎగబోస్తోంది. ఆయమ్మ పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు ఎర్రగా లేవు, తెల్లగా లేవు. మట్టిరంగులో ఉన్నాయి.

"ఏం పెట్టావే?"

చెప్పాను.

"చెప్పులేసుకో" అంది. బుట్టలో పెట్టుకుని పరిగెత్తాం. మర్నాడు పిల్లి పోయింది. నేను ఏడుస్తుంటే ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు. "నువ్వే సంపేవు" అంది మొహం మీద. "పిల్లికి ఆ బిళ్ళ అరిగించుకునే శక్తి ఉండదు. సగం చాలు. ఇప్పుడైనా తెలిసింది కదా, ఏడవడం అయ్యాక మా ఇంటికి రా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు ఆవిడ మొహం చూడలేదు. నాలుగోరోజు వెళ్ళాను. ఆవిడ అటక మీంచి బిస్కెట్ల డబ్బా ఒకటి దింపింది. నిండా ఖాళీ కవర్లు. మాత్రల రేకులు, ఎలకల మందు అట్టలు, దోమల మందు, కలరా ఉండల ప్యాకెట్లు, ఫినాయిల్ సీసాల లేబుళ్ళు. "ఇవన్నీ ఏదో ఒక జంతువు మింగినవే. నాకు రంగులు గుర్తుంటాయి గానీ చదవడం రాదు. నువ్వు చదివి చెప్పు" అంది.

నా చదువంతా ఆ డబ్బాలోనే సాగింది. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని. నేను చదివితే ఆవిడ, ఏ కవరు ఏ ఇంటి కుక్కది, అది ఎలా తూలింది, బతికిందా పోయిందా చెప్పేది. పోయినవే ఎక్కువ. విన్న రోజు అన్నం సహించేది కాదు. "భయమేస్తంది ఆయమ్మా" అంటే, "భయపడ్డం మంచిదే. ఆలిస్యంగా భయపడితేనే పనికిరాదు" అనేది.

ఆవిడ ఇంట్లో మధ్యవాసానికి ఒక ఉట్టి వేలాడేది. అందులో పాలూ పెరుగూ ఉండేవి కావు. మాత్రలు, కలరా ఉండలు, చీమల మందు, వీధి పిల్లలు తెచ్చే చాక్లెట్లు, ద్రాక్షపళ్ళు, ఉల్లిపాయలు అన్నీ అందులోనే. కుక్కకి చేటు చేసేది ఏదీ నేల మీద ఉండకూడదని ఆవిడ పట్టు. వీధిలో వాళ్ళు "ఆయమ్మ ఇంట్లో ఉల్లిపాయ కావాలంటే నిచ్చెనెయ్యాలి" అని నవ్వేవాళ్ళు. ఆవిడ పట్టించుకునేది కాదు.

ఒకసారి ఫరంపేటలో ఒకాయన పిల్లి నోట్లోంచి దారం వేలాడుతోంది. చేపల గాలం దారం. ఎరతో సహా గాలం మింగేసింది. ఆయన పిల్లిని కాళ్ళ మధ్య ఇరికించుకుని దారం లాగబోతున్నాడు. ఆయమ్మ ఆయన చేతి మీద ఫెడీమని కొట్టింది.

"ఏటండీ కొడతారు? గుంజితే వచ్చేత్తాది కదా!"

"వత్తాది. దారంతోపాటు దాని గొంతూ వత్తాది. నీ నోట్లో గాలమెట్టి నేను లాగనా?"

పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. దారం కొయ్యకుండా, లాగకుండా, కొసని పిల్లి మెడకి వదులుగా కట్టి, "చెప్పులేసుకో" అంది. ఆ పిల్లి బతికింది. డాక్టరుగారు కోసి తీసిన గాలాన్ని ఆవిడ అడిగి తెచ్చుకుంది. అది కూడా ఆ డబ్బాలో ఉంది.

ఇంకోసారి చెరువుల కాపలా మనిషి గేదెల రక్తం పీల్చే గోమార్లకి కొట్టే మందు నీళ్ళు కలపకుండా కుక్క వీపు మీద పోసేశాడు. కుక్క కొట్టుకుంటుంటే కొబ్బరినూనె రాస్తున్నాడు. అదే మనిషి తన కాలికి కుక్క కరిస్తే కారం మెత్తుకుని వచ్చాడు. ఆవిడ అతన్ని కుళాయి కింద కూర్చోబెట్టి, సబ్బుతో పావుగంట కడిగించి, సూది వేయించుకోడానికి తరిమింది. "కుక్కకి తెలీదు, పాపం. నీకేవైంది?" అని అడిగింది. నాకైతే అలాంటివాళ్ళని చూస్తే కొట్టాలనిపిస్తుంది, ఇప్పటికీ.

ఆ కోపం ఈసారి నా మీదికే తిరిగింది. ఆవిడ గురించి రాస్తూ అది దాచడం నాకు చేతకాదు.

కర్మకాండకి తాళ్ళరేవు నుంచి ఆయమ్మ చెల్లెలు వచ్చింది. మంచి మనిషి. వంగిన నడుంతో ఇల్లంతా కడిగింది. ఉట్టి దుమ్ము పట్టిందని దింపి, అందులోవన్నీ కిటికీ అరుగు మీద పేర్చింది. పెద్దదినం భోజనాలకి బియ్యం బస్తాలు దిగాయి. ఎలకలు కన్నాలు పెడుతున్నాయని కొట్టు నుంచి ఎలకల మందు బిళ్ళలు తెప్పించింది. పదోరోజు పొద్దున నేను షిఫ్టుకి వెళ్తూ ఆ ఆకుపచ్చ ప్యాకెట్టు కిటికీలో చూశాను. సాయంత్రం వచ్చి పైన పెడదాం అనుకున్నాను. బస్సుకి టైమైంది. సాయంత్రం వచ్చాను, తిన్నాను, పడుకున్నాను. మర్చిపోయాను.

పదకొండోరోజు పంక్తి సగంలో ఉండగా దొర బస్తాల వెనక నుంచి వచ్చాడు. మీసాలకి ఆకుపచ్చ పొడి అంటుకుని ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే కవరు చిరిగి ఉంది, దాని మీద పంటి గాట్లు. నేను అరిచిన అరుపుకి తినేవాళ్ళు ఆగిపోయారు.

"పిన్నీ, ఇదెప్పుడు పెట్టారు?"

"నిన్న సాయంత్రం పెట్టానమ్మా, బస్తాల ఎనకాల. అక్కడికి దూరతాడనుకోలేదు."

విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన దొర వైపు చూశాడు. "బానే ఉన్నాడు కదమ్మా, తోకూపుతున్నాడు. మందు తింటే ఈపాటికి పోవాలి."

"ఉప్పునీళ్ళు పట్టించండి, కక్కేత్తాడు" అని ఇంకొకావిడ లేచింది. బలవంతంగా పోస్తే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయని, ఆ ఉప్పు కూడా విషమేనని ఆయమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. "వాడి నోట్లో ఎవరైనా ఏదైనా పోస్తే చెయ్యి విరిచేస్తాను" అన్నాను. పెద్దదినం నాడు, పెద్దవాళ్ళ ముందు అన్నాను. ఆయమ్మ చెల్లెలి వైపు తిరిగి, "మీరే చంపారు" అని కూడా అన్నాను. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెప్పులేసుకున్నాను. చిరిగిన కవరు జాకెట్టులో దోపుకుని, దొరని ఆటోలో వేసుకుని ఆయమ్మ పనిచేసిన ఆసుపత్రికి వెళ్ళాను. దారిపొడుగునా వాడు బయటికి తల పెట్టి గాలి పీలుస్తూ సంతోషంగా ఉన్నాడు.

డాక్టరుగారు కవరు చదివారు. "ఎప్పుడు తిన్నాడు?"

"తెలీదండి. నిన్న సాయంత్రం నుంచీ ఎప్పుడైనా."

"ఇప్పుడు కక్కించినా లాభం లేదు. ఇది వెంటనే చంపే మందు కాదమ్మా. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. మూడు నాలుగు రోజులు మామూలుగానే ఉంటాడు. తర్వాత లోపల్లోపల కారడం మొదలవుతుంది." విటమిన్ కె సూది వేసి, నాలుగు వారాలు మాత్రలు రాశారు. ఒక్క పూట కూడా మానొద్దన్నారు. మాత్రలు అయిపోయాక రెండు మూడు రోజులే అసలు పరీక్ష, విషం ఒంట్లో మిగిలి ఉంటే అప్పుడు బయటపడుతుంది అన్నారు. తర్వాత కవరు నా చేతికిచ్చి, "కవరు తేవాలని ఎవరు చెప్పారు?" అని అడిగారు.

"ఆయమ్మండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

మూడోరోజు పొద్దున మా ఇంటి గచ్చు మీద రక్తపు చుక్క కనబడింది. దొర ముక్కులోంచి పడింది. పెదవి ఎత్తితే చిగురు పాలిపోయి ఉంది. నొక్కి వదిలాను. నాలుగు దాకా లెక్కపెట్టినా రంగు సరిగ్గా రాలేదు. మళ్ళీ చెప్పులేసుకున్నాను. డాక్టరుగారు మళ్ళీ సూది వేశాక రక్తం ఆగింది. ఆ రోజు ప్లాంటుకి వెళ్ళలేదు, ఆ పైరోజూ వెళ్ళలేదు. సూపర్‌వైజరు "కుక్కకోసం లీవా?" అన్నాడు. ఏమన్నానో ఇక్కడ రాయను.

ఆయమ్మ చెల్లెలు ఊరికి వెళ్ళిపోయాక రోజూ ఫోను చేసేది. వారం రోజులు ఎత్తలేదు. ఎనిమిదోరోజు ఎత్తాను.

"దొరెలా ఉన్నాడమ్మా?"

"ఉన్నాడు." తర్వాత చెప్పేశాను. "పిన్నీ, ఆ ప్యాకెట్టు నేనూ చూశాను. ముందురోజు పొద్దున్నే చూశాను. తియ్యలేదు."

ఆవిడ అంది: "మా అక్కుంటే ఇద్దర్నీ తిట్టేది."

"ఆయ్, తిట్టేది."

"తిట్టి, ఏం చెయ్యమనేది?"

"చదవమనేది పిన్నీ. కవరు చదవమనేది."

అందుకని చదివాను. ఫోనులోనే, ఆకుపచ్చ కవరు మీద ఉన్నదంతా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా. ఆవిడ ఊ కొడుతూ వింది. ఆవిడకీ చదవడం రాదు. తర్వాత కవరు మడిచి డబ్బాలో గాలం పక్కన పెట్టాను. ఆ డబ్బా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఉట్టి కూడా మా వాసానికే కట్టాను. అమ్మ ఉల్లిపాయకి స్టూలెక్కుతూ నన్ను తిడుతోంది.

ఆయమ్మ పోయిన రోజు నేను ఏడవలేదు. తీరిక దొరకలేదు. దొర పెదవి ఎత్తిన ప్రతిసారీ ఆవిడ వేలు గుర్తొస్తుంది. ఫినాయిల్‌కి పగిలి, గోరు పక్కన ఎప్పుడూ తెల్లగా ఊడే చర్మం. ఆ వేలు ఎంత గట్టిగా నొక్కాలో, ఎంత మెల్లగా వదలాలో తెలిసిన వేలు. నాది ఇంకా నేర్చుకుంటోంది.

మొన్నటితో మాత్రలు అయిపోయాయి. ఇవాళ రెండోరోజు. డాక్టరుగారు చెప్పిన రోజుల్లో ఒకటి. తెల్లవారాక కిటికీ వెలుతురు పడేచోట దొరని కూర్చోబెట్టాను. చెప్పులు గుమ్మం దగ్గర, కాలు పెడితే దూరేట్టు, తిన్నగా పెట్టి ఉన్నాయి. పెదవి ఎత్తాను. వాడు ఓపిగ్గా పైకి చూస్తున్నాడు, సగం చెవి కదులుతోంది. చిగురు మీద వేలు పెట్టి నొక్కి వదిలాను. వేలి ముద్ర తెల్లగా, బియ్యపు గింజంత.

ఒకటి.

అంచుల నుంచి మధ్యకి, గులాబి రంగు మెల్లగా వస్తోంది.