రెండో గీత కోసం ఆగని రోజు

తెలంగాణ ఉద్యమం జోరుగ ఉన్న రోజులవి. మానుకోటల ఒక చిన్న ప్రైవేటు దవాఖానల నేను రక్తపరీక్షలు చేసేటోణ్ని.

ఒకరోజు పొద్దున తండా నుంచి ఒక అవ్వను ఆటోల తీసుకొచ్చిన్రు. నిమోనియా. జ్వరం, ఒక్క మాట పూర్తిగ చెప్పనీయని ఆయాసం. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. వెంట వచ్చిన ఆమె బిడ్డే అటు లంబాడీల, ఇటు తెలుగుల చెప్పేది. "గుండె దడదడ కొట్టుకుంటాందట సారూ," అన్నది. డాక్టరమ్మకు అనుమానమొచ్చి ట్రోపోనిన్ పరీక్ష కూడా రాసింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంల దొరికే గుర్తు అది.

పెద్ద పనేం కాదు. చిన్న కార్డు మీద రెండు మూడు చుక్కల రక్తం వేసి పదిహేను నిమిషాలు ఆగాలె. ఒక్కటే గీత వస్తే గుండె బాగున్నట్టు. రెండోది సన్నగ కనపడ్డా దెబ్బ తగిలినట్టు.

ఆ రోజు పెద్ద రోడ్డు మీద ఉద్యమపోళ్ల వంటావార్పు. నడిరోడ్డుల పొయ్యిలు పెట్టిన్రు. డప్పుల చప్పుడు ల్యాబు దాకా వస్తాంది. "ఏందిరా, ఇంక రావా?" అని కిటికీలకెల్లి దోస్తు పిలిచిండు. కార్డు దిక్కు చూసిన. ఆరేడు నిమిషాలు కూడా కాలే. ఒక్కటే గీత. జబ్బు ఊపిరితిత్తులకు గద, గుండెకేమైతది అనుకున్న. నెగెటివ్ అని రాసి, కాయితం నర్సు చేతిల పెట్టి ఉరికిన.

రోడ్డు మీద కూసోని అందరితోని అన్నం తిన్న. గొంతు పోయేదాక నినాదాలిచ్చిన. తిరిగొచ్చి చూస్తే రెండో గీత ఉన్నది, లేత గులాబీ రంగుల. టైము దాటినంక వచ్చిన గీత చెల్లదని డబ్బా మీద రాసుంటది. ఆ మాటనే అడ్డం పెట్టుకున్న. అవ్వ రక్తం ఇంకా సీసల ఉండె, మళ్ల చేయొచ్చు. చేస్తే ముందు రాసింది తప్పని ఒప్పుకోవాలె. కార్డు చెత్తబుట్టల వేసిన.

జ్వరం దిగి, ఐదో రోజు అవ్వ నడుచుకుంటనే ఇంటికి పోయింది. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి వాళ్ల భాషల ఏందో అన్నది.

పది రోజులకు బిడ్డ ఒక్కతే వచ్చింది. నీళ్ల బిందె ఎత్తబోయి అవ్వ కూలిపోయిందట. మళ్ల లేవలేదట. "గుండె మంచిగున్నదని పరీక్ష చేసిన్రు గద సారూ?"

"ఔనమ్మా, అప్పుడు మంచిగనే ఉండె," అన్న.

నెల తర్వాత డాక్టరమ్మకు జరిగింది చెప్పిన. "నిమోనియా ముదిరితే గుండెకు కూడా దెబ్బ తగుల్తది. తెలిస్తే వరంగల్ పెద్ద దవాఖానకు పంపేదాన్ని. బతికేదో లేదో చెప్పలేను. ఆ బిడ్డకు మాత్రం నువ్వే చెప్పాలె," అన్నది.

చెప్పనీకి బయలెల్లనీకే నాకు మూడేండ్లు పట్టింది. తెలంగాణ వచ్చినంక తండాకు పోయిన. ఇంటికి తాళం ఉన్నది. పని కోసం అందరు వలస పోయిన్రని పక్కింటామె చెప్పింది.

"అవ్వ బిడ్డ నంబరున్నది, మాట్లాడుతరా సారూ?"

"అక్కరలేదమ్మా, ఊకెనే వచ్చిన," అన్న. మళ్ల అటు దిక్కు పోలే.