అత్త చుట్టకి నిప్పు ఏ వైపు?

ఆ రోజుల్లో నేను గీసిన ఆవు బొమ్మని చూసి మా పశువుల డాక్టరు "ఇది తెల్లారేదాకా ఉండదు" అన్నాడు. ఎనిమిదో తరగతిలో బడి నన్నూ, నేను బడినీ వదిలించుకున్నాక (ఎవరు ఎక్కువ సంతోషించారో చెప్పలేను) గజపతినగరం బజారులో బోర్డులు రాసే మేస్త్రి దగ్గర చేరాను. అక్షరాలు రెండేళ్లలో పట్టుబడ్డాయి గానీ, నాకేమో వారపత్రికల్లో వచ్చే కార్టూన్ల పిచ్చి. మేస్త్రి నా చేతికి బొగ్గుముక్క ఇచ్చి, కొట్టు వెనక సున్నం గోడ చూపించాడు. "ముందు గుడ్డు గియ్యి. దాని మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. అడ్డగీత మీద కళ్లు కూకోబెట్టు. కోపమొస్తే కనుబొమలు ముక్కు మీదకి దిగుతాయి, బయమేస్తే నెత్తికెక్కుతాయి. ఆపైన మనిషిలో ఒక్కటి పట్టుకుని పెద్దది సెయ్యి. మిగతాది ఒగ్గీ."

కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈరోజుకీ నేను ఇంతకంటే చెప్పగలిగింది లేదు. ఒక్క ముక్క మాత్రం కలుపుతాను. బాగా తెలిసిన మనిషినే గీయండి గానీ, ఆ మనిషి మీకు పిల్లనివ్వాల్సిన మనిషి కాకుండా చూసుకోండి.

నాకు బాగా తెలిసిన ముఖం పాతపట్నం అత్తది, అంటే మా చిన్న మేనమామ భార్యది. ఆవిడకంటే ముందు ఆవిడ ముక్కు గుమ్మంలోకి వచ్చేది. ఆ ముక్కు కింద ఎప్పుడూ చుట్ట. మా వైపు ఆడవాళ్లు చాలామందిలాగే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని తాగేది. దాన్నే అడ్డపొగ అంటారు. ఉన్నదున్నట్టు గీశాను. మేస్త్రి వచ్చి చూసి, "ఇదేట్రా, పళ్లు తోముతన్నాదా? బొమ్మలో కనపడందంటే లేనట్టే. నిప్పు కనపడాల, పొగ కనపడాల" అన్నాడు. చుట్టని తిప్పేసి, నిప్పు బయటికి పెట్టి, రైలింజను వదిలినంత పొగ వదిలాను. గుడ్డు నాలుగడుగులైంది, అందులో సగం ముక్కే.

ఆ మధ్యాహ్నమే అత్త బస్సు దిగింది. కూతుర్ని నాకివ్వడానికి మామ ఎప్పుడో ఒప్పుకున్నాడు. "బడి మానీసినోడికి పిల్లనెలాగిస్తాం? ముందు ఆడి పనేటో నన్ను సూడనీ" అని పట్టుబట్టింది ఆవిడే. ఇంటికైనా వెళ్లకుండా నేరుగా కొట్టుకే వచ్చింది. వెనకాల మరదలు. ఆ పిల్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. పైగా ఈ సంబంధం తప్పితే నాకు ఇంకొకటి వస్తుందన్న నమ్మకం నాకే లేదు.

"ఏటి సేత్తన్నావురా అల్లుడా?" అంటూ అత్త నన్ను దాటుకుని వెళ్లి గోడ ముందు నిలబడింది. నా కనుబొమలు నెత్తికెక్కాయి. (మేస్త్రి చెప్పింది నిజమే.) మరదలు ఒకసారి గోడ మీది ముక్కు చూసింది, ఒకసారి తల్లి ముక్కు చూసింది, పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త నోట్లోంచి చుట్ట తీసింది.

"ఒసే, సూసినావా? మీ పెదమ్మ!"

పెద్ద మామ భార్య విజయనగరంలో ఉండేది. ఆ తోటికోడలంటే అత్తకి గిట్టదు. "పట్నమెల్నాక మగోళ్లలాగ నిప్పు బయటెట్టి తాగుతాది. పొగరంతా ముక్కులోనే ఉన్నాది సూడు! అచ్చం అదే! కాదేటే?"

ఎవరి ముక్కు వాళ్లకి కనపడకుండా చేసిన దేవుడికి ఆ క్షణాన వెయ్యి దండాలు పెట్టుకున్నాను. కానీ మిగతా కథంతా ఆ పిల్ల నోటిలో ఉంది.

"అవునమ్మా, పెదమ్మే" అంది, నావైపు చూడకుండా.

నేను వదిలిన ఊపిరికి గోడ మీది బొగ్గుపొడి లేచింది. "గట్టోడివేరా, పని బాగానే నేర్సినావు!" అని అత్త నవ్వి నవ్వి, చుట్టని మళ్లీ నిప్పు లోపలికి పెట్టుకుంది. ఆ మాఘంలోనే మా పెళ్లయింది.

తరవాత వారపత్రికలు నా కార్టూను ఒక్కటీ వెయ్యలేదు. బొమ్మ మనిషిలా ఉండటం లేదని తిప్పి పంపేవి. అలా లేకపోబట్టే కదా ఒకడికి పెళ్లయిందని, ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను. కాపురం పెట్టిన కొత్తలో ఒకనాడు మా ఆవిణ్ని అడిగాను, ఆ బొమ్మ ఎవరిదో నీకు తెలిసిందా అని.

"మాయమ్మ ముక్కు నాకు తెల్దేటి బావా?"

"మరి అప్పుడే చెప్పలేదేం?"

బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలైనా ఎత్తకుండా అంది: "అప్పుడు సెప్తే ఒక్కపాలికే అయిపోయీది. ఇప్పుడైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు సెప్పగల్ను. ఆ గోడకి సున్నం కొట్టనీకు బావా, అవసరం పడతాది."